రాళ్లకొట్టం దక్షిణ వాకిలి

సరిగ్గా మిట్టమధ్యాహ్నం...!

చైత్ర బహుళ అమావాస్య. మార్తాండుడు నడినెత్తిన నిలబడి నిప్పులు చెరుగుతున్నాడు. గాలి స్తంభించిపోయింది. నల్లమల కొండల మీద ఒక్క ఆకైనా కదలడం లేదు. ఊళ్లో కుక్కలు సైతం నీడల్లో ముడుచుకుని కళ్లు మూసుకున్నాయి. మనుషులు బయట తిరగకూడదని పెద్దలు పిల్లల్ని భయపెట్టే ఆ నిర్మానుష్య ఘడియలో... ఆళ్లగడ్డకు రెండు కోసుల దూరాన, ఊరి చివరి రాళ్లకొట్టంలో, తూర్పు వాకిలిని రాళ్లతో మూసేస్తున్నారు!

టక్... టక్... టక్...

ఎండలో నిలబడి చూస్తున్న రామేశ్వరమ్మకు ఒక్కొక్క సుత్తిదెబ్బా గుండెల మీదే పడుతున్నట్టుంది. ఇరవై ఏళ్ల కిందట ఆ వాకిట్లోనే కుడికాలు పెట్టి ఆమె కోడలిగా లోపలికి వచ్చింది. ఆర్నెల్ల కిందట ఆ వాకిట్లోంచే భర్త సంజీవయ్య నలుగురి భుజాల మీద బయటికి వెళ్లిపోయాడు.

"దిగులు పడగాకు అక్కా" అన్నాడు పక్కనున్న తమ్ముడు చెన్నకేశవులు. "ఈ వాకిలే బావను మింగింది. ఇట్లే ఉంచితే రేపు కమలాక్షిని మింగుతాది. నేనుండా గదా!"

నేనుండా గదా! ఆ ఒక్క మాటకు రామేశ్వరమ్మ కరిగిపోయింది. పాపం, కరగక ఏం చేస్తుంది? తల్లి పోయేనాటికి వాడు మూడేళ్లవాడు, తనకు పదేళ్లు. 'చిన్నబ్బీ' అని పిలుచుకుంటూ, తన ముద్దలో సగం పెట్టి సాకింది. పెళ్లయ్యాక వేలు పట్టుకుని అత్తారింటికి కూడా వెంట తెచ్చుకుంది. పద్దెనిమిదో ఏట చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. పన్నెండేళ్ల తర్వాత, ఆమె పుట్టెడు దుఃఖంలో ఉండగా తిరిగొచ్చాడు... మెడలో రుద్రాక్షలతో, నుదుట కుంకుమతో, నోట వాస్తు శాస్త్రంతో! దేవుడే పంపాడనుకుంది పిచ్చితల్లి.

ఇంతకూ ఆ రాళ్లకొట్టం మహారాజుల మేడేమీ కాదు. సంజీవయ్య తాత కట్టింది. రెండు మూరల మందాన రాతిగోడలు. రాయికీ రాయికీ నడుమ మట్టి తప్ప సున్నమన్నది లేదు. నట్టనడుమ నల్లమద్ది నిట్రాడు. ఇంటి బరువంతా మోసేది ఆ ఒక్క గుంజే. పైన నల్లమల నుంచి దింపిన బోదగడ్డి కప్పు. ఏటా పాతదాని మీదే కొత్తది పరుస్తూ రావడంతో మూరెడు మందమైంది. చూరు ఎంత కిందికి వాలిందంటే, ఎంతటి మొనగాడైనా తల వంచనిదే లోపలికి అడుగు పెట్టలేడు. ఉన్నది ఒకటే గది, ఒకటే వాకిలి, పడమటి గోడకు ఎత్తున ఒక పొగకన్నం. తెల్లారగానే వెలుతురు వాకిట్లోంచి వచ్చి నిట్రాడు మొదలును తాకేది. కర్నూలు రాజధానిని హైదరాబాదుకు ఎత్తుకుపోయిన మరుసటి ఏడు అది. ఊళ్లో కలిగినవాళ్లంతా కొత్త మిద్దెలు లేపుకుంటున్నారు. రామేశ్వరమ్మకు మాత్రం ఆ కొట్టమే కైలాసం.

ఆ కైలాసానికి తొలిసారి చీకటి పట్టింది. రాకపోకలకని పడమటి గోడ అడుగున, మనిషి పాకి దూరేంత కంత ఒక్కటి తెరిచారు.

మర్నాడు కమలాక్షి పొద్దెక్కినా లేవలేదు. కోడి కూయకముందే లేచి కళ్లాపి చల్లే పదహారేళ్ల పిల్ల! తూర్పున వెలుగు రాకపోతే తెల్లారిందని తెలియలేదు కాబోలు, అనుకుంది తల్లి. మూడోనాటికి పిల్ల కళ్ల కింద నల్లటి వలయాలు పడ్డాయి. ఎండలోకి రమ్మంటే ముఖం చేతుల్లో దాచుకుని కెవ్వున అరిచింది.

"దోషం ఇంకా పోలేదక్కా" అన్నాడు చెన్నకేశవులు. "దక్షిణం పక్క వాకిలి తీయాల."

"దక్షిణమా? అది యమదిక్కు గదరా!"

"పన్నెండేండ్లు బెలుం బిలాల్లో గురువుల కాళ్లు పిసికి నేర్చుకున్న్యా. నాకు తెలీదా?"

వైశాఖ అమావాస్య నాడు, మళ్లీ సరిగ్గా నడిమధ్యాహ్నం, దక్షిణపు గోడ పగిలింది. ఆళ్లగడ్డ రాతిపనివాడు యోబు, నాపబండలతో ద్వారం నిలిపాడు. మామూలు ద్వారం కాదది! ఏడడుగుల ఎత్తు. దానికోసం ఆ పక్క చూరును మూడు మూరల మేర కోసేశారు. తెగిన బోదగడ్డి లోంచి నల్లటి తేళ్లు రాలిపడ్డాయి. పొగకన్నాన్నీ, పడమటి కంతనూ రాళ్లతో బిరడా కొట్టారు.

"ఇంత ఎత్తు ఎందుకురా? వంగి రావడం మనకు అలవాటే గదా" అంది రామేశ్వరమ్మ.

"తల వంచకుండా రావాల" అన్నాడు చెన్నకేశవులు, ద్వారం వైపు చూస్తూ.

"ఎవురు?"

అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. అయినా తమ్ముడు కదా, అడిగి చిన్నబుచ్చడం ఎందుకనుకుంది.

ఆ తర్వాత అందర్నీ బయటికి పంపి, శాంతి చేయాలంటూ నిట్రాడు మొదట్లో తనే గొయ్యి తవ్వాడు. ఎర్రబట్ట మూట ఒకటి దాంట్లో దించుతుండగా ముడి జారింది. వాకిలి పక్క నుంచి చూస్తున్న రామేశ్వరమ్మకు తెల్లగా, గుండ్రంగా ఏదో కనిపించింది. దానికి రెండు నల్లటి గుంటలు... ఆ కింద వరుసగా... పళ్లు!!

"ఏందిరా అది?"

"టెంకాయక్కా. ముదురు టెంకాయ."

టెంకాయేనని నమ్మింది! కళ్లారా చూసి కూడా నమ్మింది. పెంచిన ప్రేమ మనిషిని అంత గుడ్డిదాన్ని చేస్తుంది. ఆ రోజును తలచుకుని ఆమె తర్వాత ఎన్నిసార్లు తల బాదుకుందో లెక్కలేదు.

రెండు రోజులు గడిచాయి. ఎవరో రైతు ముహూర్తం అడగడానికి వచ్చి వీధిలోంచి పిలిచాడు.

"చెన్నకేశవులన్నా! ఉండావా?"

"ఆఁ... ఉండా!!"

ఇంటి లోపలి నుంచి బొంగురు గొంతు, మగ గొంతు బదులిచ్చింది. కానీ... చెన్నకేశవులు పొలం వైపు వెళ్లి గంటయింది! రామేశ్వరమ్మ చేతిలోని చెంబు జారిపోయింది. ఒక్క ఉరుకున లోపలికి వెళ్లింది. నిట్రాడును కావలించుకుని కమలాక్షి కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుంది. కనుగుడ్లు పైకి తేలిపోయి తెల్లగుడ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"కమలా! ఏమైందే తల్లీ? నేనే... మీయమ్మను!"

"కమల ఎవురు?" ఆ లేత పెదవుల మధ్య నుంచి మగ గొంతు గురగురలాడింది. "నా పేరు చెన్నకేశవులు... హహ్హహ్హ! చెన్నకేశవులు!!"

రామేశ్వరమ్మ బయటికి పరుగెత్తి తమ్ముడి కోసం కేకలు పెట్టింది.

సాయంత్రం తిరిగొచ్చిన చెన్నకేశవులు అంతా విని, కంగారు పడలేదు. ప్రేతం పట్టిందన్నాడు. తనను చూసి జడిసి తన పేరే చెప్పుకుంటోందన్నాడు. వదిలించాలంటే ఉత్తరపు గోడకు ఆనించి పిల్లకొక రాతి పడక కట్టాలన్నాడు. మళ్లీ యోబు వచ్చాడు. మూడు పక్కలా మోకాలెత్తు గోడలు లేపి, నడుమ నున్నటి బండ పరిచాడు. అందులో కమలాక్షిని ఉత్తరం వైపు తల, దక్షిణపు వాకిలి వైపు కాళ్లు పెట్టి పడుకోబెట్టారు.

"ఉత్తరం తలాపి ఎట్లరా? పీనుగును పండబెట్టినట్లు!"

"వచ్చే అమావాస్య దాకా ఓర్చుకో అక్కా. ఆ పొద్దు అన్నీ అయిపోతాయి."

అన్నీ అయిపోతాయి! ఆ మాట నిజమే చెప్పాడు దుర్మార్గుడు.

జ్యేష్ఠ బహుళ అమావాస్య రానే వచ్చింది. ఉదయం నుంచే నైరుతి దిక్కున కారుమబ్బులు కమ్ముకుంటున్నాయి. అహోబిలం వెళ్లి నరసింహస్వామికి అర్చన చేయించుకు రమ్మనీ, పొద్దు వాలేదాకా గడప తొక్కవద్దనీ చెప్పి చెన్నకేశవులు అక్కను సాగనంపాడు. ఆమె కోసెడు దూరం నడిచేసరికి ఎదురుగా ఎద్దులబండి ఒకటి వస్తోంది. తోలుతున్నది యోబు. బండి మీద వరిగడ్డి పరిచి, దాని మీద నిలువుపాటి నాపబండ ఒకటి పెట్టుకున్నాడు. ఆమెను చూసి అదాటున బండి ఆపాడు.

"అమ్మా... ఇంటికాడ ఎవురన్నా కాలం చేసినారా?"

"ఏంది యోబూ ఆ మాట? యాడికి ఈ బండ?"

"మీ ఇంటికేనమ్మా. మీ తమ్ముడు పొద్దు గూకేలోపల తెచ్చీమన్న్యాడు." యోబు తలగుడ్డ తీసి చేతుల్లో నలిపాడు. "నేను చెప్పకుంటే పాపం తగులుతాది తల్లీ. నంద్యాల్లో మావోళ్లకు గోరీలు కట్టేది నేనే. ఆ పడక కట్టేటప్పుడే చేతికి తెలిసిపాయ, ఇది పడక కొలత గాదని. అయిదడుగుల పొడువు, రెండడుగుల ఎడల్పు. బిడ్డను పండబెట్టి కొల్చినాడు. ఇప్పుడేమో దాని మీదికి మూతబండ చేయమన్న్యాడు."

రామేశ్వరమ్మ బండి దగ్గరికి వచ్చింది. బండ మీద వేలితో తడిమింది. అక్షరాలు!

"ఏం రాసినావు దీని మీద?"

"అదేనమ్మా నాకు భయం. బతికుండే మనిషి పేరు ఎవురన్నా గోరీ మీద చెక్కిస్తారా? 'చెన్నకేశవులు' అని చెక్కమన్న్యాడు."

దూరాన ఆకాశం గుర్రుమంది.

కూతురి కొలత... తమ్ముడి పేరు! తూర్పు వాకిలి మూసింది పిల్ల వెలుగు చూడకుండా ఉండడానికి. దక్షిణపు వాకిలి తెరిచింది దక్షిణం నుంచి వచ్చేవాడి కోసం. తమ్ముడి పేరును కూతురి నోట పలికించింది... రామేశ్వరమ్మకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఇల్లు బాగుచేయలేదు వాడు! రాయి రాయి మార్చి, తన బిడ్డకు సమాధి కట్టాడు. తను దగ్గరుండి కట్టించుకుంది. కూలివాళ్లకు మజ్జిగ కలిపి ఇచ్చింది!

"ఒరే పాపిష్టోడా...!" అని గుండెలు బాదుకుంటూ ఆమె వెనక్కి పరుగెత్తింది. కాలిచెప్పులు ఊడిపోయాయి. ముళ్లు దిగాయి. ఆమెకు తెలియనే లేదు.

కొట్టం కనిపించేసరికి సరిగ్గా నడిమధ్యాహ్నమైంది. మబ్బులు కొండల దాకా వచ్చి ఆగిపోయాయి. ఇంటి మీద మాత్రం సూర్యుడు తెల్లగా మండుతున్నాడు. పట్టపగలు, అంత ఎండలో, కప్పు కొప్పున ఒక గుడ్లగూబ కూర్చుని కళ్లార్పకుండా దక్షిణానికి చూస్తోంది!

ఆమె వాకిట్లోకి దూకబోయింది. అంతే! గడప ముందు పోసిన భస్మరేఖను తాకగానే రెండు కాళ్లూ నేలలో పాతేసినట్టు బిగుసుకుపోయాయి. చేతులు కదలడం లేదు. చూపు, గొంతు... ఆ రెండే మిగిలాయి.

లోపల నిట్రాడు మొదట్లో గొయ్యి తెరిచి ఉంది. కపాలం పైకి వచ్చింది. దాని నడినెత్తిన వత్తి వెలుగుతోంది. రాతి గుంటలో కమలాక్షి పడుకుని ఉంది. ఒంటి మీద మేనమామ పంచె, తలకు మేనమామ రుమాలు, మెడలో అతని రుద్రాక్షలు! చెన్నకేశవులు గోచీతో, ఒళ్లంతా శ్మశానభస్మం పూసుకుని, గోడ మూల నక్కి కూర్చున్నాడు. అక్కను చూసి అతని ముఖం పాలిపోయింది.

"ఎందుకొచ్చినావక్కా? నువ్వు సూడగూడదనే గదా పంపించింది!"

"నా బిడ్డనురా! నీ అక్క బిడ్డనురా! నీకు ఏం అన్యాయం చేసినామురా?"

చెన్నకేశవులు పళ్లు పటపట కొరికాడు. మరుక్షణమే భోరున ఏడ్చాడు.

"నాకు సావంటే భయం అక్కా! బిలంలో క్షుద్రోపాసన పట్టినా. దానికి బదులు ముప్పయ్యో ఏట నా పానం ఇస్తానని రాసిచ్చినా. ఈ పొద్దుతో నా ఆయువు సెల్లు. రాసిచ్చుకున్నోడు వస్తాడు. నా పేరు పెట్టి మూడుమార్లు పిలుస్తాడు. ఈ గోడల నడుమ ముందుగా ఎవురు పలికితే వాళ్లను తీస్కపోతాడు. అంతే లెక్క. ఆ పుర్రెలోని ప్రేతమే కమల నోట నా పేరుకు పలుకుతాది. నీకు బిడ్డ పోతే తమ్ముడు మిగుల్తాడు. నన్ను సాకినావు గదా... నన్ను బతికించుకో!"

 ఎంత మాట! సాకిన ఋణాన్ని ఇట్లా అడుగుతున్నాడు! ఆమె కడుపులో కోపం కంటే, అసహ్యం కంటే, పెద్దదేదో విరిగింది. ఇన్నేళ్లూ తను పెట్టిన ముద్ద తిన్నది వీడేనా అనిపించింది.

ఉన్నట్టుండి చల్లగాలి... దక్షిణం నుంచి! నీడలన్నీ కాళ్ల కింద ఒదిగే నడిమధ్యాహ్నం, నిలువెత్తు నీడ ఒకటి నేల మీద పాకుతూ వచ్చింది. దాని వెనక మనిషి లేడు! అది రామేశ్వరమ్మ పక్కనుంచే గడప దాటింది.  ఏడడుగుల ద్వారంలోంచి ఆ నీడ తల వంచకుండా లోపలికి నడిచింది. కపాలం మీది దీపం నీలంగా మారింది.

"చెన్నకేశవులూ...!"

పెద్ద గొంతేం కాదు. పక్కింటివాళ్లు పిలిచినట్టే ఉంది. చెన్నకేశవులు రెండు చేతులతో నోరు నొక్కిపట్టాడు. రాతి గుంటలో కమలాక్షి ఒళ్లు విల్లులా వంగింది.

"చెన్నకేశవులూ...!!"

కమలాక్షి పెదవులు విడివడ్డాయి. గొంతులో గురగుర మొదలైంది. లోపలి ప్రేతం మాట కూడదీసుకుంటోంది! ఇంకొక్క పిలుపు... అంతే... బిడ్డ దక్కదు! నీడ రాతి గుంట మీదికి వంగింది. గుడ్లగూబ కొప్పు మీద రెక్కలు తపతప కొట్టుకుంది. కొండల దాకా వచ్చి ఆగిన మబ్బులు ఒక్కుమ్మడిగా ఫెళఫెళా ఉరుముతూ ఇంటి మీదికి కమ్ముకొచ్చాయి.

రామేశ్వరమ్మ దేవుణ్ణి పిలవలేదు. కూతుర్ని పిలవలేదు, పిలిస్తే పలుకుతుంది. ఆమె కళ్లనిండా నీళ్లతో గోడ మూలకు చూసింది. గొంతు సవరించుకుంది. పొలం గట్టున ఆడుకునే పసివాణ్ణి కేకేసినట్టు, తియ్యగా, సాగదీసి పిలిచింది.

"చిన్నబ్బీ...! బువ్వ సల్లారిపోతాంది, రా నాయనా!"

తన పేరు ఎవరు పిలిచినా పలకకుండా ఉండడానికి పన్నెండేళ్లు చెవులను రాయి చేసుకున్నాడు చెన్నకేశవులు. మంత్రాలు కట్టుకున్నాడు, తాయెత్తులు కట్టుకున్నాడు. కానీ ఆ పిలుపుకు వాడి దగ్గర కట్టు లేదు. అది పేరు కాదు. ఆకలి. అక్క.

"ఆఁ... వస్తాండాక్కా!"

అనేశాడు!! అన్న తర్వాత తెలిసింది. నోటి మీది చేతులు కిందికి జారాయి. కమలాక్షి మీదికి వంగిన నీడ నిదానంగా లేచి, అతని వైపు తిరిగింది.

"అక్కా... అక్కా... నువ్వు...!!"

కపాలం ఫటాలున పగిలింది. నిట్రాడు మొదలు నుంచి కొస దాకా నిట్టనిలువునా చీలింది. ఆకాశం నుంచి దిగిన పిడుగు కొప్పు మీద పడి బోదగడ్డి భగ్గుమంది. భస్మరేఖ చెదిరిపోవడంతో రామేశ్వరమ్మ కాళ్లకు ప్రాణం వచ్చింది. ఆమె మంటల్లోకి దూకింది. రాతి గుంటలోంచి బిడ్డను రెండు చేతులా ఎత్తుకుని బయటికి వచ్చి పడింది. ఆ వెనకే మూరెడు మందాన గడ్డి, దూలాలు, వాసాలు... మొత్తం కప్పు కూలిపోయింది. అప్పుడు కురిసింది వాన!

ఊరు ఊరంతా పోగైంది. బూడిద తోడి చూస్తే మూలన చెన్నకేశవులు దొరికాడు. మంట అతన్ని తాకనే లేదు. ముడుచుకుని, నిద్రపోయిన పిల్లవాడిలా ఉన్నాడు. క్షుద్రుడంటూ ఊళ్లోవాళ్లు ఉమ్మేశారు. ఆ శవాన్ని ముట్టడానికి ఒక్కరూ రాలేదు. రామేశ్వరమ్మే నీళ్లు పోసింది. ఒంటికంటిన భస్మం అంతా పోయేదాకా, చెవుల వెనక కూడా, రుద్ది రుద్ది పోసింది.

పదిహేను రోజులకు కమలాక్షి మనిషైంది. వేపమండల పందిరి కింద, కూలిన గోడల పక్కనే, తల్లీకూతుళ్లు పొయ్యి పెట్టుకున్నారు. యోబు దక్షిణపు ద్వారాన్ని ఊడబెరికి, మళ్లీ తూర్పు వాకిలి నిలుపుతున్నాడు. ఒకనాటి పొద్దున సంగటి తింటూ తింటూ కమలాక్షి చెయ్యి ఆపింది.

"అమ్మా, మామ నన్నెందుకు సంపాలనుకున్న్యాడు?"

"సావంటే భయపడినాడే."

"అంత భయమున్నోడు... పలికితే సస్తానని తెలిసినోడు... మరి నువ్వు పిలిస్తే ఎందుకు పలికినాడు?"

రామేశ్వరమ్మ పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది. మోసం చేసింది వాడు. కానీ ఆఖరి మోసం తనది. బిడ్డ కోసం చేసింది, మళ్లీ చేయాల్సి వస్తే మళ్లీ చేస్తుంది. అయినా ఆ గొంతు చెవుల్లోంచి పోవడం లేదు. ఎంత సంతోషంగా పలికాడు...! ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను పిలిస్తే వాడు పలకని పొద్దు లేదే, తల్లీ" అంది.